తోలు, తీగ, తేనెమైనం: జానపద వాద్యాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ విడత ఉత్తరాల్లో సగం డప్పు గురించే. వానాకాలం కదా, ఆశ్చర్యమేమీ లేదు. కిన్నెర తయారు చేసుకుంటానని రాసినవారు కూడా ఉన్నారు. ఆ జవాబు కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

ప్రశ్న: మా డప్పు వానలు మొదలైనప్పటినుంచి బొద్దుగా మోగుతోంది. మంటకు కాస్తే పది నిమిషాలు ఖంగున పలుకుతుంది, మళ్ళీ మామూలే. ఈమధ్య ఒక అంచు దగ్గర తోలు రెండంగుళాల మేర లేచింది. కొత్త డప్పు కొనాల్సిందేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అక్కర్లేదు. మీ డప్పు చెడిపోలేదు, తేమ పట్టింది. మేకతోలు గాలిలోని నీటిని పీల్చి సాగుతుంది, బిగువు తగ్గి గొంతు బొద్దవుతుంది. మంట దగ్గర ఆ తేమ పోతుంది, తోలు ముడుచుకుంటుంది, డప్పు పలుకుతుంది. గాలిలో తేమ అలాగే ఉంటుంది కాబట్టి కాసేపటికి మళ్ళీ మొదటికొస్తుంది. కాచడాన్ని మాన్పించలేం కానీ కాచే తీరు మార్చుకోవచ్చు. ఎండుగడ్డి, కాగితాలు, సన్నపుల్లల మంట చాలు, పెద్ద దుంగలు వద్దు. తోలును మంటకు అడుగున్నర దూరంలో పట్టుకుని ఆపకుండా తిప్పుతూ ఉండాలి. మీ అరచేతి వెనకవైపును తోలు ఉన్న చోటే పెట్టి చూడండి. అక్కడ పది లెక్కపెట్టేదాకా చెయ్యి ఓర్చుకోలేకపోతే తోలు కూడా ఓర్చుకోదు. ఒకేచోట నిలిపితే అక్కడ తోలు గాజులా బిరుసెక్కి గోధుమరంగు తిరుగుతుంది. ఆ మచ్చ మళ్ళీ మెత్తబడదు, నెలలోపు అక్కడే చిట్లుతుంది. మధ్యమధ్య సిర్రతో, అంటే కుడిచేతి కర్రతో, తట్టి వినండి. నడుమ, నాలుగు అంచుల దగ్గర ఒకే గొంతు వస్తే ఆపేయండి. ఇంకాస్త బిగిద్దామన్న ఆశే ఎక్కువ డప్పులను చింపుతుంది.

ఇక లేచిన అంచు. పాత పద్ధతి డప్పుల్లో తోలును చట్రానికి పట్టి ఉంచేది చింతగింజల బంక. ఎండినాక రాయిలా పట్టేస్తుంది కానీ నీళ్ళు తగిలితే కరుగుతుంది. కొండపల్లి బొమ్మలకు రంపపు పొట్టుతో కలిపి మక్కు చేసేది కూడా ఈ చింతగింజల పిండితోనే. పావుకిలో గింజలను తొక్క చిట్లేదాకా వేయించి, దంచి, తొక్క తీసేసి, పప్పును రాత్రంతా నానబెట్టండి. పొద్దున మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి సన్నసెగ మీద కలుపుతూ ఉడికించండి. గరిటె ఎత్తితే తెగకుండా రిబ్బనులా జారాలి. గడ్డలు కట్టిన బంక తోలు కింద గాలి బుడగలు మిగులుస్తుంది, అందుకని పల్చటి గుడ్డలో వడకట్టండి. రెండు రోజులు దాటితే పులిసి బూజు పడుతుంది. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపేవారున్నారు. అది విషం, వంటగిన్నెల్లో కలపకండి, పిల్లలకు అందనివ్వకండి.

రెండంగుళాలే లేచిందంటున్నారు కాబట్టి తోలంతా ఊడదీయొద్దు. లేచిన చోట గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డను అరగంట ఉంచండి. పాత బంకను చెక్కముక్కతో గీకి, కొత్తది చట్రానికీ తోలుకూ రాసి, తోలును కొద్దిగా లాగి అదమండి. చుట్టూ నూలుతాడు కట్టి నీడలో రెండు రోజులు వదిలేయండి. ఎండలో పెడితే పైపొర ముందు ముడుచుకుని అంచు మళ్ళీ లేస్తుంది.

చట్రంలో మూడోవంతు దాకా లేచిపోతే మాత్రం కొత్త తోలు వేయించడమే మేలు. అప్పుడు బాగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. నానిన తోలును బలంకొద్దీ లాగకూడదు. ఎదురెదురు వైపులు మార్చిమార్చి, ముడతలు పోయేంతవరకే లాగాలి. ఆరేటప్పుడు అదే ముడుచుకుని మిగతా బిగువు తెచ్చుకుంటుంది. ముందే బిగిస్తే ఎండాకాలంలో తోలైనా చిరుగుతుంది, చట్రమైనా గుండ్రదనం పోయి కోడిగుడ్డులా అవుతుంది.

ఇప్పుడు ఇనుప చట్రానికి ఫైబర్ తోలు వేసి, నట్లతో బిగించే డప్పులు వస్తున్నాయి. వానలో ఊరేగింపులకు అవి పనికొస్తాయి, కాచే పని లేదు. అయితే వాటిలో పైగొంతే ఉంటుంది, మేకతోలు కడుపులోంచి తెచ్చే గుమ్మన్న నాదం రాదు. రెండూ ఉంచుకోగలిగితే ఉంచుకోండి.

ప్రశ్న: మా బడి వార్షికోత్సవానికి పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి డప్పు నేర్చుకుని వాయించారు. ఊరి పెద్ద ఒకాయన లేచి, అది చావు దరువని బాధపడ్డారు. మాకు తెలియక జరిగింది. సరిగ్గా ఎలా మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ఆ పెద్దాయన బాధ న్యాయమైనదే. డప్పు దరువు ఒక కబురు. పెళ్ళికి ఒకటి, జాతరకు ఒకటి, సాగనంపడానికి ఒకటి. పక్కవీధిలో ఉన్నవారికి కూడా ఏం జరుగుతోందో ఆ దరువే చెబుతుంది. దరువులు ఊరిని బట్టి మారతాయి కాబట్టి మేం ఇక్కడ రాసిచ్చినా మీ ఊరికి సరిపోతాయని చెప్పలేం. మీ ఊళ్ళోనే డప్పు కొట్టే మాదిగ కళాకారులను బడికి పిలవండి. అతిథిగా కూర్చోబెట్టి, గురువుగా గౌరవించి, రోజుకు ఇంత అని ముందే మాట్లాడి డబ్బు ఇవ్వండి. తరాలుగా వెట్టిచాకిరీగా కొట్టించుకున్న వాద్యం అది. బడిలో కూడా ఊరికే నేర్పించుకోవడం తప్పు.

ఆ కళాకారులు వచ్చేలోపు పిల్లలు చేతులు కుదుర్చుకోవచ్చు. డప్పును తాడుతో ఎడమ భుజానికి వేలాడదీసి, చట్రాన్ని ఎడమ ముంజేతికి ఆనించాలి. ఎడమచేతి వేళ్ళు పై అంచు మీదుగా వచ్చి, పొడుగాటి సన్నని చిటికెన పుల్లను పట్టుకుంటాయి. పుల్ల తోలు మీద పడుకున్నట్టు ఉండాలి. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే సిర్ర. పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: రెంటినీ పిడికిలితో బిగించి భుజంతో కొడతారు. మోత వస్తుంది కానీ నాదం రాదు, పావుగంటకే చెయ్యి పీకుతుంది. సిర్రను బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా పట్టి మణికట్టుతో వదలాలి. తోలును తాకిన వెంటనే అదే వెనక్కి ఎగరాలి. చిటికెన పుల్లకు దెబ్బ కూడా అక్కర్లేదు, వేలితో చిమ్మితే చాలు.

పుల్ల పట్టుకునే ముందు నోటితో పలికించండి. ‘డం-డ-న-క’ అని నాలుగూ సమంగా. డం తోలు నడిమికి కాస్త కిందుగా సిర్రతో, డ కూడా సిర్రతోనే కానీ సగం బలంతో, న, క రెండూ పై అంచు దగ్గర చిటికెన పుల్లతో. గడియారం టిక్కుకు ఒక డండనక చొప్పున తడబడకుండా ఐదు నిమిషాలు సాగితేనే వేగం పెంచండి. తర్వాత కాలికి అడుగు కలపండి. అడుగు కలిశాక దరువు దానంతటదే నిలబడుతుంది, అందుకే కూర్చోబెట్టి నేర్పడం మాకు నచ్చదు.

ప్రశ్న: బుర్రకథ దళానికి పాత గుమ్మెట దొరికింది. దానికి ఉడుము తోలు వేయిస్తే బాగా పలుకుతుందంటున్నారు. ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వెతకకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపినా, తోలు కొన్నా, అమ్మినా, దగ్గర పెట్టుకున్నా నేరమే. కంజీరకూ ఇదే వర్తిస్తుంది. ఉడుము తోలు బాగా పలుకుతుందన్న పేరు ఎందుకొచ్చిందంటే అది పల్చగా ఉండి సాగుతుంది, చిన్న ముఖం మీద కూడా కిందిగొంతు ఇస్తుంది. అంతకు దగ్గరగా రావాలంటే మేకపిల్ల తోలు అడగండి, పొట్టభాగం కాకుండా వీపుభాగం. పొట్టవైపు తోలు మందం ఒకేలా ఉండదు, ఒకపక్క సాగి గొంతు రెండుగా చీలుతుంది. వాయించే ముందు తోలు లోపలివైపు రెండు మూడు చుక్కల నీళ్ళు వేలితో రాస్తే గొంతు దిగుతుంది. ఎక్కువైతే గాలికి ఆరనివ్వడమే, మంట చూపొద్దు. మట్టి గుమ్మెటకు మంట మరీ ప్రమాదం, తోలు కంటే ముందు కుండ బీటలిస్తుంది.

ప్రశ్న: పన్నెండు మెట్ల కిన్నెర సొంతంగా చేసుకోవాలని ఉంది. వడ్రంగి పని కొద్దిగా వచ్చు. కొలతలు, మెట్లు ఎక్కడ పెట్టాలో, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పగలరా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: మీ జిల్లావైపే పన్నెండు మెట్ల కిన్నెరను నిలబెట్టిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. డక్కలి కళాకారుల కిన్నెర వాయిద్యాన్ని దగ్గరనుంచి ఒకసారి చూశాకే పని మొదలుపెట్టండి. వెదురు దండి, దానికింద సొరబుర్రలు, తీగను నొక్కి స్వరాలు పలికించడానికి మైనంతో నిలిపిన మెట్లు, పైన తీగ: చూడటానికి ఇంతే. వాద్యం పలకడమా, మూగబోవడమా అన్నది మాత్రం వీటి కూడికల్లో ఉంది.

ముందు వెదురు. లేతది వద్దు, కనీసం మూడేళ్ళ ముదురు బొంగు. వానలు వెళ్ళిపోయాక, చలికాలంలో నరికినది అడగండి, అప్పుడు అందులో పిండిపదార్థం తక్కువ, పురుగు తక్కువ పడుతుంది. మూడు నెలలు నీడలో, నేలకు తగలకుండా ఆరబెట్టాలి. పచ్చిది వాడితే తీగ బిగించిన వారానికే దండి విల్లులా వంగుతుంది. మూడడుగుల పొడవు, అంగుళం దాటిన లావు చాలు.

సొరబుర్రలకు చేదుసొర మంచిది, దాని గోడ మందం. తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా కోయకండి. మూతి కోశాక రెండు రోజులు నీళ్ళు పోసి ఉంచి, లోపలి పీచును చెంచాతో గీకి, నీడలో ఆరబెట్టి, లోపల వేపనూనె పూయండి. బుర్రను దండికి కట్టేచోట గట్టిగా ఆనాలి. అక్కడ సందు ఉంటే తీగ అదురు బుర్రలోకి దిగదు, కిన్నెర పీలగా పలుకుతుంది. చూడముచ్చటగా ఉండి పలకని కిన్నెరలకు కారణం ఎక్కువసార్లు ఇదే. ఆ సందులో మెత్తటి తోలు వేయకండి, అది అదురును మింగేస్తుంది. ఎండు కొబ్బరిచిప్ప ముక్కను అరగదీసి రెండింటి వంపుకూ సరిపోయేలా బిగించండి.

మెట్లకు పూర్వం అలుగు పొలుసులు వాడేవారు. అలుగు కూడా మొదటి షెడ్యూలు జంతువే కాబట్టి ఆ మాట మరిచిపోండి. గట్టి వెదురు బద్ద, బర్రెకొమ్ము ముక్క, ఇత్తడి రేకు: మూడింటిలో బర్రెకొమ్ము మాకిష్టం. వెదురుకు ఏడాదిలోపే తీగ గాడి పడుతుంది. ఇత్తడి ఎక్కువ కాలం నిలుస్తుంది కానీ గొంతు కొంచెం గరుకు.

ఇప్పుడు కొలతలు. తీగ పలికే పొడవు, అంటే తలమెట్టు (ఒక కొసన తీగ ఆనే మెట్టు) నుంచి గుర్రం (రెండో కొసన తీగను ఎత్తి పట్టే ముక్క) దాకా, 60 సెంటీమీటర్లు అనుకుందాం. ఏ మెట్టూ నొక్కని తీగ షడ్జం. తలమెట్టు నుంచి 6.7 సెంటీమీటర్ల దగ్గర చతుశ్రుతి రిషభం, 12 దగ్గర అంతర గాంధారం, 15 దగ్గర శుద్ధ మధ్యమం, 20 దగ్గర పంచమం, 24 దగ్గర చతుశ్రుతి ధైవతం, 28 దగ్గర కాకలి నిషాదం, సరిగ్గా సగంలో, 30 దగ్గర, పై షడ్జం. ఇది కాగితం మీది లెక్క. కిన్నెర మెట్లు ఎత్తుగా ఉంటాయి. తీగను కిందికి నొక్కేటప్పుడు అది సాగి స్వరం పైకి పోతుంది. అందుకని ప్రతి మెట్టూ లెక్కకంటే రెండు మూడు మిల్లీమీటర్లు తలమెట్టు వైపు జరపాల్సి వస్తుంది. ఎంత జరపాలో చెవి చెబుతుంది, స్కేలు చెప్పదు. పైగా కిన్నెర కళాకారులు మెట్లు కూర్చుకునేది తాము పాడే కథల బాణీకి, కర్ణాటక స్వరస్థానాలకు కాదు. మీరు ఏ కథ పాడదలిచారో ఆ పాట పక్కన పెట్టుకుని మెట్లు సర్దండి. మిగిలిన మెట్లు కూడా ఆ పాటకు కావలసిన చోటే.

మైనం అందుకే వాడతారు: వేడి చేస్తే మెత్తబడుతుంది, మెట్టు జరుగుతుంది. అదే దాని బలహీనత కూడా. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కానీ 40 దాటితే చాలు మెత్తబడుతుంది. మే నెలలో మూసిన కారులో ఒక గంట ఉంచితే మెట్లన్నీ పక్కకు ఒరుగుతాయి. నాలుగు పాళ్ళ మైనానికి ఒక పాలు గుగ్గిలం పొడి కలిపితే గట్టిపడుతుంది. అంతకంటే ఎక్కువైతే పెళుసై, చలికాలంలో పగులుతుంది. ఈ మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకండి, అంటుకుంటుంది. నీళ్ళగిన్నెలో చిన్నగిన్నె పెట్టి కరిగించాలి.

తీగకు 0.28 మిల్లీమీటర్ల ఉక్కుతీగ. దాన్ని రెండు శ్రుతికి, కింది స్థాయిలో, కడితే దండి మీద పడే లాగుడు సుమారు కిలోన్నర, వెదురు ఓర్చుకుంటుంది. నాలుగు శ్రుతికి, ఐదు శ్రుతికి బిగించకండి. ఏదైనా మెట్టు దగ్గర జర్రుమని మోగినా, పక్క మెట్టు స్వరమే వచ్చినా, తప్పు మీరు నొక్కిన మెట్టులో లేదు. గుర్రం వైపున్న తర్వాతి మెట్టు ఎత్తుగా ఉంది. దాని మైనాన్ని వేడి చెంచాతో మెత్తబరిచి ఒక వెంట్రుకవాసి దించండి. పన్నెండు మెట్లూ ఒక్కరోజులో సర్దాలని చూడొద్దు, చెవి అలిసిపోతుంది.

ప్రశ్న: ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు జమిడిక నరం పదేపదే తోలును చీల్చుకుని ఊడొస్తోంది. పరిష్కారం?
– ఒక కళాకారుడు, మహబూబాబాద్

జవాబు: జమిడిక ఒకవైపు తోలు మూసి, ఆ తోలుకు నరం కట్టిన వాద్యం. అందులో నరం లాగుడంతా తోలు నడుమ ఒక్క బెజ్జం మీద పడుతుంది. బెజ్జానికి రెండువైపులా పావలా బిళ్ళంత గట్టి తోలు బిళ్ళలు పెట్టి, వాటి గుండా నరం పోనిచ్చి, బయటివైపు ముడి కింద ఇంకో చిన్న ఇత్తడి వాషరు వేయండి. బెజ్జాన్ని కత్తితో కోయకుండా కాల్చిన సూదితో పొడవండి. కోసిన అంచు చీలుతుంది, కాలిన అంచు నిలుస్తుంది. నరం బదులు ఒక మిల్లీమీటరు చేపల గాలపు నైలాన్ దారం వాడొచ్చు. మొదట్లో వేలికి జారుతున్నట్టు ఉంటుంది, పులుముకోవడానికి కాస్త గుగ్గిలం పొడి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: రామప్ప గుడి శిల్పాల్లోని వాద్యాలు చూసి అలాంటివే చేయించి, కాకతీయుల నాటి సంగీతం వినిపించాలని మా బృందం ఆలోచన. సాధ్యమేనా?
– ఒక నాట్య బృందం సభ్యురాలు, వరంగల్

జవాబు: వాద్యం ఆకారం దాకా సాధ్యం. సంగీతం దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి శిల్పాలు మద్దెలను ఎక్కడ కట్టుకున్నారో, ఏ చెయ్యి ఏ ముఖం మీద ఉందో, కర్రతో కొడుతున్నారో వేళ్ళతోనో స్పష్టంగా చెబుతాయి. తోలు ఏ జంతువుది, ఎంత బిగించారు, ఏ గొంతు అన్నది రాయి చెప్పదు. శిల్పి సన్నని కర్రను విరగకుండా లావుగా చెక్కుతాడు, తీగలను చాలాసార్లు చెక్కలేడు. కాబట్టి తీగవాద్యం కనిపిస్తే తీగలు ఎన్నో చెప్పడానికి వాటిని బిగించే బిరడాలు, వేళ్ళ అమరిక చూడండి.

కొలతకు ఒక ఉపాయం ఉంది. శిల్పంలోని మనిషి అరచేతిని, మణికట్టు నుంచి మధ్యవేలి కొన దాకా, కొలబద్దగా తీసుకోండి. వాద్యం అలాంటి చేతులెన్ని వస్తుందో లెక్కపెట్టి 18 సెంటీమీటర్లతో హెచ్చవేయండి. ఒక్క బొమ్మను నమ్మకుండా కనీసం నాలుగైదు బొమ్మలు చూడండి, ఎందుకంటే శిల్పి చోటును బట్టి సాగదీస్తాడు, కుదిస్తాడు.

ఆపైన గ్రంథాలు. గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళి 13వ శతాబ్దం నడుమ నాటిది. దేశి నృత్తాల గురించి వివరంగా చెబుతుంది, పేరిణి అనే నృత్యం కూడా ఉంది. దాదాపు అదే కాలంలో దేవగిరిలో శార్‌ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలో వాద్యాలకో అధ్యాయమే ఉంది. అక్కడ చిన్న కిన్నరి, పెద్ద కిన్నరి అని వేరువేరు కొలతలిచ్చాడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. శిల్పం, గ్రంథం, ఈనాటి కళాకారుడి చెయ్యి, ఈ మూడూ ఒకచోట కలిస్తే అక్కడ ధైర్యంగా వాయించండి. ఇప్పుడు వేదికల మీద చూసే పేరిణి 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ గారు పునర్నిర్మించినది. ఆయన చేసిన పని గొప్పది, దాన్ని పునర్నిర్మాణంగానే ప్రకటించడం కూడా ఆయనకు గౌరవమే. మీ కార్యక్రమం కరపత్రంలోనూ ‘కాకతీయుల సంగీతం’ అని కాకుండా, ఏది శిల్పంలోంచి తీసుకున్నారో, ఏది మీరు కూర్చారో రెండు వాక్యాల్లో రాయండి.

ప్రశ్న: మెల్‌బోర్న్ బతుకమ్మకు ఇక్కడినుంచి రెండు డప్పులు, ఒక కిన్నెర తెమ్మంటున్నారు. ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు తోలు, వెదురు, సొరబుర్ర అన్నీ ప్రయాణికులు నింపే కార్డులో తప్పక రాయాలి. దాచితే జరిమానా. రాసినా వాళ్ళు పరీక్షించి, శుద్ధి చేయించమనవచ్చు, తీసేసుకోవచ్చు. వెంట్రుక మిగిలిన తోలు, పురుగు తొలిచిన వెదురు అస్సలు తీసుకెళ్ళకండి. కిన్నెరకు నెమలి ఈకలు కట్టి ఉంటే ఇక్కడే విప్పేయండి, మన దేశం నుంచి వాటి ఎగుమతి నిషేధం. డప్పులకైతే ఫైబర్ తోలువి తీసుకెళ్ళడమే సులువు. అక్కడి చలికాలంలో హీటరు గాలికి మేకతోలు మితిమీరి బిగుసుకుంటుంది. తోలు డప్పే కావాలంటే హీటరుకు దూరంగా, గుడ్డసంచిలో ఉంచమనండి.

ప్రశ్న: జాతరకని కొత్త కొమ్ము కొన్నాం. ఎంత ఊదినా గాలి తప్ప మోత రావడం లేదు.
– ఒక యువజన సంఘం, అరకు

జవాబు: కొమ్ములోకి గాలి ఊదకూడదు, పెదవులను అదిరించాలి. కొమ్ము పక్కన పెట్టి, పెదవుల మూలలు బిగించి నడిమి వదులుగా ఉంచి ‘బుర్ర్’మని అదిరించడం అలవాటు చేసుకోండి. అది పదిసెకన్లు నిలిచాక మూతికి పెట్టండి. బుగ్గలు ఉబ్బించొద్దు. పెదవులు బిగించేకొద్దీ షడ్జం, పంచమం, పై షడ్జం, ఆపైన గాంధారం వరుసగా దూకుతూ వస్తాయి. బెజ్జాలు లేని గొట్టం కాబట్టి నడుమ స్వరాలు రావు, వాటికోసం అవస్థ పడకండి. అయినా పీలగానే ఉంటే ముక్కలు కలిసే అతుకుల మీద సబ్బునురగ రాసి, రెండోవైపు మూసి ఊదండి. బుడగ లేచినచోట గాలి పోతోంది. అక్కడ మైనం వేసి నూలుదారం చుట్టండి, కంచర అతుకు వేయించేదాకా అది ఆగుతుంది.